వాడిన సముద్ర అక్వేరియం కొనుగోలు: కొత్తవారి దృష్టితో ఒక సమీక్ష

సముద్రపు నీటిని ఇంట్లో గాజుతొట్టెలో నిలిపి, అందులో పగడాలను, వాటి నడుమ బతికే చేపలను, నత్తలను, రొయ్యలను పెంచే అభిరుచికి రీఫ్ కీపింగ్ అని పేరు. ప్రవాళ భిత్తికలుగా భూగోళశాస్త్ర గ్రంథాలు వర్ణించే పగడపు దిబ్బల జీవావరణాన్ని కొన్ని వందల లీటర్ల నీటిలో నిలబెట్టడం దీని లక్ష్యం. మంచినీటి చేపల పెంపకంతో పోలిస్తే దీనికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. తొట్టె, దానిని మోసే స్టాండు, దీపాలు, పంపులు, వడపోత పరికరాలు అన్నీ కొత్తవి కొనదలిస్తే మొదటి చేప నీటిలోకి దిగకముందే పెద్ద మొత్తం ఖర్చయిపోతుంది. అందువల్ల ఈ అభిరుచి బాగా వేళ్లూనుకున్న అమెరికాలో కొత్తగా ప్రవేశించేవారు ముందుగా చూసేది వాడిన తొట్ల వైపే. ఇల్లు మారేవారు, సమయం చాలనివారు, నాచుతోనో చేపల రోగాలతోనో విసిగి విరమించేవారు తమ తొట్లను కొన్న ధరలో చిన్న భాగానికే వదులుకుంటారు కనుక ఆ సంతలో సరుకుకు కొదవ ఉండదు.

అయితే వాడిన అక్వేరియం వాడిన బల్లవంటి వస్తువు కాదు. దానిలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఏయే మందులు కలిశాయో, ఏయే జీవులు పెరిగాయో, ఎంత ఆహారం కుళ్లిందో వాటి ప్రభావం రాళ్లలోను, ఇసుకలోను, పరికరాల సందుల్లోను మిగిలి ఉంటుంది. కొనుగోలుదారు ధర చెల్లించేది గాజుకూ యంత్రాలకూ అయినప్పటికీ, అతనికి సంక్రమించేది ఆ నీటి గతం. గాజు లోపాన్ని ఒక పూట పరీక్షలో చాలావరకు పట్టుకోవచ్చు. నీటి గతం మాత్రం విచారిస్తే తప్ప తెలియదు. వాడిన తొట్టె లాభమా నష్టమా అన్న ప్రశ్నకు సమాధానం ప్రధానంగా ఈ రెండవ విషయం మీదనే ఆధారపడుతుందన్నది ఈ సమీక్ష సారాంశం.

తరాల వారీగా తొట్లు

సంతలో కనిపించే తొట్లు ఒకే కాలానివి కావు. ప్రతి తొట్టె తాను తయారైన కాలపు సిద్ధాంతాన్ని వెంట తెచ్చుకుంటుంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాల ప్రజలకు తెరిచిన చేపల శాల, 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ ప్రచురించిన 'ది అక్వేరియం' గ్రంథం సముద్రజీవులను గాజులో పెంచాలన్న ఉత్సాహాన్ని ఇంగ్లండులో రగిలించినా, పగడాలను దీర్ఘకాలం బతికించడం మరో శతాబ్దం దాటేవరకు సాధ్యపడలేదు. 1960ల ఆరంభంలో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రం నుంచి తెచ్చిన సజీవ శిలలను, గాలి బుడగలను మాత్రమే ఉపయోగించి తొట్టెను నడిపే పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశాడు. సజీవ శిల, అంటే లైవ్ రాక్, రంధ్రాలతో నిండిన పాత పగడపు అస్థిపంజరం. దాని లోపలి పొరలలో నివసించే బాక్టీరియా నీటిలోని వ్యర్థాలను శుద్ధి చేస్తుంది. తరువాత జర్మనీలో బెర్లిన్ పద్ధతిగా పేరుపొందిన విధానం ఈ శిలలకు బలమైన ప్రోటీన్ స్కిమ్మర్‌ను జోడించింది. స్కిమ్మర్ సన్నని గాలి బుడగలను నీటిలోకి పంపి, వాటి ఉపరితలానికి అంటుకునే సేంద్రియ పదార్థాన్ని నురుగు రూపంలో పైకి తేల్చి తొలగించే పరికరం.

అమెరికాలో 1986లో జార్జ్ స్మిట్ పత్రికా వ్యాసాల ద్వారా ప్రచారంలోకి వచ్చిన మినీ రీఫ్ తొట్లు, ప్లాస్టిక్ బంతుల మీదుగా నీటిని జల్లుగా జార్చే వడపోత పెట్టెలతో నడిచేవి. బయో బాల్స్ అని పిలిచే ఆ బంతులు అమ్మోనియాను వేగంగా నైట్రేట్‌గా మారుస్తాయి గాని నైట్రేట్‌ను తొలగించలేవు. కనుక అది పోగుపడి పగడాలకు ఇబ్బంది కలిగిస్తుంది. 1990ల నుంచి మెటల్ హాలైడ్ దీపాలు, ఆ పిమ్మట టి5 ట్యూబులు, 2010 దశకంలో ఎల్‌ఈడీలు ఆధిపత్యం వహించాయి. వాడిన తొట్టె కింద బంతులతో నిండిన పెట్టె, పైన వేడెక్కే హాలైడ్ దీపం కనిపిస్తే కొనుగోలుదారు గాజును, స్టాండును మాత్రమే విలువ కట్టి, మిగిలినవి మార్చవలసినవిగా లెక్కించుకోవడం సమంజసం. తొట్టె గాజుకు ముందే రంధ్రం పొడిచి, పొంగుడు నీరు కిందనున్న సంప్ అనే రెండవ తొట్టెలోకి జారేలా ఏర్పాటు ఉందా లేదా అన్నది మరొక ముఖ్య ప్రశ్న. టెంపర్డ్ గాజును తరువాత డ్రిల్లు చేయడం అసాధ్యం, చేయబోతే పలక ముక్కలు ముక్కలవుతుంది. అమెరికాలో సామూహికంగా తయారయ్యే తొట్లలో చాలావాటికి అడుగు పలక టెంపర్డ్ గాజే కనుక, రంధ్రం లేని తొట్టెను సంప్‌తో నడపాలనుకునేవారు ఈ సంగతి కొనకముందే తేల్చుకోవాలి.

మూడు రకాల అమ్మకం

వాడిన సముద్ర తొట్లు మూడు రూపాలలో చేతులు మారుతాయి. మొదటిది ఖాళీగా ఎండిన తొట్టె, స్టాండు. రెండవది తొట్టెతో పాటు దీపాలు, పంపులు, స్కిమ్మర్ మొదలైన పరికరాలు. మూడవది చేపలు, పగడాలు, రాళ్లతో సహా నడుస్తున్న వ్యవస్థ మొత్తం. మొదటి రూపంలో ధర తక్కువ, ప్రమాదం కూడా తక్కువ. రెండవదానిలో లాభమంతా పరికరాల పనితీరును అంచనా కట్టగల నేర్పు మీద నిలుస్తుంది. మూడవది చూడటానికి అన్నిటికంటే గొప్ప బేరంగా తోస్తుంది. విడివిడిగా కొంటే ఎంతో ఖర్చయ్యే పగడాలు కూడా ఆ ధరలోనే దొరుకుతాయి. అయితే దానిని విప్పి, మోసి, మరొక ఇంట్లో తిరిగి నిలబెట్టడం ఈ అభిరుచిలో అత్యంత కష్టమైన పని. ఆ పనిని మొదటి రోజే అనుభవం లేని వ్యక్తి భుజాన వేసుకోవలసి రావడం ఈ మూడవ రూపంలోని ప్రధాన లోపం.

గాజు, జిగురు, బరువు

గాజుతొట్టెకు ప్రాణం దాని అంచులను కలిపి ఉంచే సిలికాన్ జిగురు. సిలికాన్ ఏళ్ల తరబడి నిలుస్తుంది గాని శాశ్వతం కాదు. ఎండలోను, ఖాళీగా వేడి షెడ్డులోను పడి ఉన్న తొట్టె జిగురు త్వరగా పెళుసుబారుతుంది. మూలలలో బుడగలు, తెల్లబారిన చారలు, గోటితో లాగితే లేచివచ్చే అంచులు దాని బలహీనతకు గుర్తులు. లోపలివైపు కనిపించే జిగురు కేవలం రక్షణ పొర; భారాన్ని మోసేది రెండు గాజు పలకల మధ్య నలిగి ఉండే సన్నని పొర. అందువల్ల లోపలి పొర కొద్దిగా లేచినంత మాత్రాన తొట్టె పనికిరానిది కాదు గాని, పలకల మధ్య పొరలో బుడగలు వ్యాపించి ఉంటే దానిని వదిలివేయడమే మేలు. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కు గట్టిగా అంటుకోదు కనుక, కారుతున్న చోట పైపైన పూసి సరిచేశామన్న మాటను మరమ్మతుగా అంగీకరించకూడదు. పాత పొరను పూర్తిగా గీకివేసి మళ్లీ వేయవలసిందే.

యాక్రిలిక్ తొట్లకు గుణదోషాలు వేరు. అవి తేలికైనవి, అతుకులు బలమైనవి, కాని సులభంగా గీతలు పడతాయి. యాక్రిలిక్ మీద గీతలను సాన పట్టి తొలగించవచ్చు. గాజు మీద లోతైన గీతలను తొలగించడం దాదాపు అసాధ్యం. సముద్ర తొట్లలో గాజుమీద కోరలైన్ అనే ఊదారంగు సున్నపు నాచు గట్టిగా పేరుకుంటుంది. ఆ పేరుకుపోయిన పొర వెనుక గీతలు దాగి ఉండవచ్చు కాబట్టి, వెనిగర్‌తో ఒక భాగాన్నైనా తుడిచి చూడాలి.

తొట్టెను కొనేముందు సమతలమైన నేలమీద నిండా నీరు పోసి కనీసం రెండు మూడు రోజులు ఉంచి చూడటం అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష. అమ్మేవారి ఇంట్లో అది సాధ్యం కాకపోతే, కొన్న తరువాత ఇంటి బయట ఆ పరీక్ష జరగాలి; మొదటిసారి నీరు పోయడం హాలులోని స్టాండు మీద జరగకూడదు. అమెరికాలో సర్వసాధారణమైన 75 గ్యాలన్ల తొట్టె పొడవు సుమారు 122 సెంటీమీటర్లు, వెడల్పు 46 సెంటీమీటర్లు. అందులో పట్టే 284 లీటర్ల సముద్రపు నీటి బరువే 290 కిలోలు దాటుతుంది. గాజు, రాళ్లు, ఇసుక, స్టాండు కలిస్తే మొత్తం 400 కిలోలకు మించుతుంది. ఆ దేశపు ఇళ్లలో హాలు నేలలను చదరపు అడుగుకు 40 పౌండ్ల సగటు భారానికి రూపొందిస్తారు. తొట్టె తన పాదం కింద మోపే భారం అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. ఆ ప్రమాణం గది మొత్తానికి వర్తించే సగటు కనుక ఇంత తొట్టెను గోడకు ఆనించి, నేల దూలాలకు అడ్డంగా పెడితే సాధారణంగా చిక్కు రాదు. అంతకంటే పెద్దవాటికి, పై అంతస్తులకు ఇంజనీరు సలహా అవసరం. రంపపు పొట్టును అదిమి చేసిన పలకలతో కట్టిన స్టాండు నీరు తగిలితే ఉబ్బుతుంది. అడుగున, తలుపు అంచుల వద్ద ఉబ్బు కనిపిస్తే తొట్టెకు పెట్టిన ధరలో కొత్త స్టాండు ఖర్చును కూడా కలుపుకోవాలి.

యంత్రసామగ్రి

పరికరాలలో కొన్ని వాడినవి కొనదగినవి, కొన్ని ఎప్పటికీ కొత్తవే కొనదగినవి. హీటర్ రెండవ కోవకు చెందుతుంది. దానిలోని థర్మోస్టాట్ కాలక్రమంలో అతుక్కుపోయి వేడిని ఆపలేకపోవచ్చు. 25 లేదా 26 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండవలసిన నీరు ఒక్క రాత్రిలో ఎన్నో డిగ్రీలు పెరిగితే తొట్టెలోని ప్రాణులన్నీ నశించే అవకాశం ఉంది. నీటిని శుద్ధి చేసే ఆర్.ఓ. యంత్రపు పొర, అయాన్లను తొలగించే రెసిన్, గడువు తీరిన పరీక్షా ద్రావకాలు, పీహెచ్ కొలిచే ప్రోబులు కూడా అరిగిపోయే వస్తువులే. అవి పరికరంతో పాటు ఉచితంగా వచ్చినా వాటికి విలువ కట్టకూడదు.

స్కిమ్మర్, నీటిని తిరిగి పైకి తోసే పంపు, అలలు పుట్టించే చిన్న పంపులు మొదటి కోవకు చెందుతాయి. వీటిని వెనిగర్ లేదా సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిలో కొంతసేపు నడిపితే లోపల పేరుకున్న సున్నం కరిగి, పనితీరు తిరిగి పుంజుకుంటుంది. పరిశీలించవలసినది పంపులోని అయస్కాంతం. దానిని కప్పి ఉంచే ఎపాక్సీ పూత పగిలితే లోహం తుప్పుపట్టి నీటిలోకి కలుస్తుంది. అయస్కాంతం ఉబ్బినట్లున్నా, తుప్పు మరక కనిపించినా ఆ పంపు పగడాల తొట్టెకు పనికిరాదు. పగడాల కణాలలో నివసించే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి అందిస్తాయి కనుక దీపం అలంకారం కాదు, ఆహారానికి మూలం. టి5 ట్యూబులు వెలుగుతూనే ఉన్నా వాటి వర్ణపటం మారిపోతుంది. అందుకే సుమారు ఏడాదికి ఒకసారి మార్చడం ఆనవాయితీ. వాడిన ఎల్‌ఈడీలో అన్ని రంగుల డయోడ్లు వెలుగుతున్నాయా, చల్లబరిచే ఫ్యాను తిరుగుతున్నదా, ఉప్పు పొర లోపలికి చేరిందా అన్న మూడు విషయాలు చూస్తే చాలు. ఉప్పు పట్టిన విద్యుత్ పలకలను, నల్లబడిన ప్లగ్గులను మాత్రం బేరమాడకుండా తిరస్కరించాలి. భూమిలోకి విద్యుత్తు లీకైన వెంటనే సరఫరాను తెంపే రక్షణ స్విచ్ లేకుండా ఏ సముద్ర తొట్టెనూ నడపకూడదు.

నీరు వదిలిన జాడలు

పాత తొట్టె గతంలో మొట్టమొదట విచారించవలసినది రాగి. సముద్రపు చేపలకు తెల్లమచ్చల రోగాన్ని కలిగించే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవిని చంపడానికి రాగి లవణాలను వాడటం చాలాకాలంగా ఉన్న పద్ధతి. లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల స్వేచ్ఛా రాగిని చేపలు తట్టుకుంటాయి. పగడాలు, రొయ్యలు, నత్తలు తట్టుకోలేవు. సున్నపు రాళ్లు, ఇసుక ఆ రాగిని తమలో పట్టి ఉంచి తరువాత మెల్లగా విడుదల చేయగలవు. అందువల్ల చేపలు మాత్రమే పెరిగిన తొట్టెలోని రాళ్లను, ఇసుకను పగడాల తొట్టెకు వాడకపోవడమే క్షేమం. గాజు తనంతట రాగిని పీల్చుకోదు. దానిమీద పేరుకున్న సున్నపు పొరను వెనిగర్‌తో కరిగించి, మంచినీటితో పలుమార్లు కడిగితే ఖాళీ తొట్టె విషయంలో భయం చాలావరకు తీరుతుంది. అమ్మేవారి మాటకంటే నమ్మదగిన సాక్ష్యం ఒకటి ఉంది: ఆ తొట్టెలో నత్తలు, రొయ్యలు, పగడాలు నెలల తరబడి ఆరోగ్యంగా బతుకుతున్నాయంటే నీటిలో హానికరమైన రాగి లేదని వాటి ఉనికే చెబుతుంది.

రెండవది ఫాస్ఫేట్. చేపల ఆహారం నుంచి వచ్చే ఫాస్ఫేట్ కాల్షియం కార్బొనేట్ ఉపరితలాలకు అంటుకునే స్వభావం కలది. ఏళ్ల తరబడి ఎక్కువ మేత పడిన తొట్టెలోని రాళ్లు దానితో నిండిపోయి, కొత్త శుభ్రమైన నీటిలో పెట్టగానే తిరిగి వదలడం మొదలుపెడతాయి. నీరు మార్చినా కొలత తగ్గకపోవడం, గాజుమీద నాచు ఆగకుండా పెరగడం దీనివల్లనే. ఎండిన పాత రాళ్లను కొన్నవారు వాటిని ముందు బ్లీచింగ్ ద్రావణంలోను, తరువాత పలుచని ఆమ్లంలోను ఉంచి పైపొరను కరిగించి, కడిగి, విడి నీటిలో కొన్ని వారాలు నిలిపి ఫాస్ఫేట్ కొలిచిన తరువాతే వాడాలి. ఈ రెండు ద్రావణాలు ఒకదానితో ఒకటి కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది కనుక మధ్యలో పూర్తిగా కడగడం, గాలి ఆడే చోట పనిచేయడం తప్పనిసరి.

మూడవది జీవులు. ఐప్టేసియా అనే చిన్న సముద్రపుష్పం తెగిన ముక్కనుంచి కూడా పెరిగి పగడాలను కుడుతుంది. గొట్టాలలో నివసిస్తూ జిగట వల విసిరే వెర్మెటిడ్ నత్తలు, పగడాలను తినే చదును పురుగులు, ఈకల్లా పెరిగే బ్రయాప్సిస్ నాచు తడి రాళ్లతో పాటే ఇల్లు మారుతాయి. తెల్లమచ్చల పరాన్నజీవి గుడ్డులాంటి గట్టి కోశ దశలో రాళ్లమీద అంటుకుని ఉంటుంది. అందుకే రోగం వచ్చిన తొట్టెను చేపలు లేకుండా సుమారు 76 రోజులు నడపడం ఈ రంగంలో స్థిరపడిన ఆచారం. పూర్తిగా ఎండిన తొట్టెకు ఈ సమస్యలు దాదాపుగా ఉండవు.

నాలుగవది మనిషికి ముప్పు. పాలిథోవా అనే గుండీలవంటి పగడాలలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే అత్యంత తీవ్రమైన విషం ఉంటుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మూర్, షోయర్ దీనిని వేరుచేసి ప్రకటించారు. ఈ పగడాలు అంటుకున్న రాళ్లను వేడినీటిలో ఉడికించినా, బ్రష్షుతో రుద్దినా విషం ఆవిరితోను తుంపరలతోను గాలిలో కలిసి ఊపిరితిత్తులకు చేరుతుంది. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తొట్టె శుభ్రం చేసిన సందర్భంలో ఒక కుటుంబం ఆసుపత్రి పాలయింది. వాడిన రాళ్లను శుభ్రం చేయబోయే కొత్తవారికి ఈ విషయం ముందుగా చెప్పేవారు అరుదు. పగడపు రాళ్లను ఎన్నడూ ఉడికించకూడదు; చేతి తొడుగులు, కళ్లజోడు లేకుండా వాటిని తాకకూడదు.

నడుస్తున్న తొట్టెను తరలించడం

చేపల విసర్జన నుంచి పుట్టే అమ్మోనియాను ఒక వర్గం బాక్టీరియా నైట్రైట్‌గాను, మరొక వర్గం నైట్రేట్‌గాను మార్చే క్రమాన్ని నత్రజని చక్రం అంటారు. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నడుస్తున్న తొట్టెను కొనేవారు ఈ నిరీక్షణను తప్పించుకున్నామని భావిస్తారు. ఆ భావన కొంతవరకే నిజం. బాక్టీరియా ప్రధానంగా రాళ్లు, ఇసుక మొదలైన ఉపరితలాలను అంటుకుని ఉంటుంది, నీటిలో తేలేది బహు స్వల్పం. కనుక డ్రమ్ములకొద్దీ పాత నీటిని మోసుకువెళ్లడం వల్ల వడపోత శక్తి రాదు, ప్రయాణంలో జీవులకు పరిచితమైన లవణీయత మాత్రమే దక్కుతుంది. రాళ్లను తడిగా, వీలైతే నీటిలో మునిగి ఉండేలా తరలిస్తేనే బాక్టీరియా నిలుస్తుంది.

అసలు ప్రమాదం ఇసుకలో ఉంది. ఏళ్లుగా కదలని ఇసుక అడుగు పొరలలో కుళ్లిన పదార్థం, ఆక్సిజన్ లేని చోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ చేరి ఉంటాయి. తొట్టెను విప్పేటప్పుడు అవన్నీ ఒక్కసారిగా నీటిలో కలుస్తాయి; కుళ్లిన పదార్థం అమ్మోనియాను పెంచుతుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో అమ్మోనియాలో విషరూపం ఒక శాతానికంటే తక్కువ, 8.2 దగ్గర ఉండే సముద్రపు నీటిలో ఆ భాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒకే మోతాదు కాలుష్యం సముద్ర తొట్టెలో మరింత ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే. అందువల్ల పాత ఇసుకను వదిలివేసి కొత్త ఇసుక వేయడం, లేదా పాతదానిని నీరు తేటపడేవరకు కడిగి వాడటం అనుభవజ్ఞుల సలహా. తరలింపుకు ముందే కొత్త ఇంట్లో తగినంత ఉప్పునీటిని వెయ్యికి 35 భాగాల లవణీయతకు కలిపి, తగిన ఉష్ణోగ్రతకు తెచ్చి సిద్ధంగా ఉంచుకోవాలి. చేపలు, పగడాలు, రాళ్లు వేర్వేరు పాత్రలలో ప్రయాణించాలి. తరువాతి రెండు వారాలు అమ్మోనియాను ప్రతిదినం కొలవాలి. ఈ ఏర్పాట్లు చేయలేనివారు నడుస్తున్న తొట్టెను కొనకూడదు, లేదా జీవులను కొంతకాలం మరొక అనుభవజ్ఞుని వద్ద ఉంచే వీలు ముందుగా చూసుకోవాలి.

ధర లెక్క

వాడిన తొట్టె బేరంలో తరచుగా జరిగే పొరపాటు, అమ్మేవారు కొత్తగా కొన్నప్పటి ధరతో పోల్చడం. సరైన పోలిక, ఆ తొట్టెను నడిపే స్థితికి తేవడానికి ఇంకా ఎంత ఖర్చవుతుందన్న దానితో ఉండాలి. హీటర్, ట్యూబులు, ఆర్.ఓ. పొర, పరీక్షా ద్రావకాలు, ఉప్పు, ఇసుక, కొన్నిసార్లు స్టాండు, ఇవన్నీ ఎలాగూ కొనవలసినవే. చిన్న తొట్లను పెద్ద దుకాణాలు అప్పుడప్పుడు తగ్గింపు ధరకు అమ్ముతాయి కనుక 40 గ్యాలన్లలోపు ఖాళీ గాజులో వాడినదానికీ కొత్తదానికీ తేడా చాలాసార్లు స్వల్పం. వాడినదానిలో నిజమైన పొదుపు మధ్యస్థ, పెద్ద తొట్లలోను, మంచి స్కిమ్మర్, దీపాలలోను ఉంటుంది. పెద్ద తొట్టెలో నీటి పరిమాణం ఎక్కువ కనుక ఉష్ణోగ్రత, లవణీయత నెమ్మదిగా మారతాయి, కొత్తవారి తప్పులను అది కొంత మన్నిస్తుంది. కాని నిర్వహణ ఖర్చు కూడా పరిమాణంతో పాటు పెరుగుతుంది: 284 లీటర్లకు మొదటిసారి నింపడానికే సుమారు 10 కిలోల లవణ మిశ్రమం కావాలి, వారానికి పదోవంతు నీరు మారిస్తే ప్రతివారం మరో కిలో కరుగుతుంది. కొనే ధరకంటే నెలనెలా పడే ఈ భారమే ఎక్కువమందిని ఈ అభిరుచి నుంచి తప్పుకునేలా చేస్తుంది. తక్కువ ధరకు దొరికిందన్న కారణంతో తన స్తోమతకు మించిన తొట్టెను కొనడం పొదుపు కాదు.

భారతదేశంలో ఈ ప్రశ్న

భారతదేశంలో వాడిన సముద్ర తొట్టె కొనేవారు ముందుగా ఎదుర్కొనేది చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూళ్లకు 2001లో జరిగిన సవరణతో దిబ్బలు నిర్మించే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, ఫైర్ కోరల్ మొదటి షెడ్యూల్‌లో చేరాయి. మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ దిబ్బల నుంచి పగడాలను తవ్వి అమ్మడాన్ని అరికట్టడం దీని ఉద్దేశం. గట్టి పగడాలన్నీ అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటీస్ రెండవ అనుబంధంలో కూడా ఉన్నాయి. 2022 సవరణ చట్టం ఆ ఒప్పందపు నిబంధనలను దేశీయ చట్టంలో భాగం చేసింది. కనుక హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఎవరైనా లైవ్ రాక్, పగడాలతో సహా తొట్టె అమ్ముతామంటే, ఆ ధరలో చట్టపరమైన బాధ్యత కూడా చేతులు మారుతున్నదని గ్రహించాలి. దేశంలో నిరపాయమైన మార్గం ఖాళీ తొట్టెను, పరికరాలను మాత్రమే కొని, సహజ శిలలకు బదులు సిరామిక్ మాధ్యమం వాడి, పెంపకం ద్వారా పుట్టిన చేపలతో సముద్ర తొట్టెను నడపడం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ తన మండపం, విళింజం కేంద్రాలలో క్లౌన్ చేపలను బంధనంలో సంతానోత్పత్తి చేయించి చూపడం ఈ మార్గానికి బలమైన ఆధారం.

రెండవది వాతావరణం. అమెరికాలో వాడిన తొట్టెతో హీటర్ వస్తుంది. తెలుగు ప్రాంతాల వేసవిలో కావలసింది నీటిని చల్లబరిచే చిల్లర్. అది లేకుండా, లేదా గదిని ఎడతెగకుండా చల్లగా ఉంచకుండా 26 డిగ్రీల నీటిని మే నెలలో నిలపడం సాధ్యం కాదు. చిల్లర్ ఖర్చు తొట్టె ఖర్చును మించవచ్చు కనుక, చిల్లర్ కలిసి ఉన్న పాత తొట్టెకు ఇక్కడ ప్రత్యేకమైన విలువ ఉంటుంది. మూడవది విద్యుత్తు. అమెరికా నుంచి తిరిగివచ్చేవారు అక్కడి పరికరాలను వెంట తెచ్చుకుంటే, 120 వోల్టుల, 60 హెర్ట్జ్‌ల ఏసీ పంపులు ఇక్కడి 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల సరఫరాకు సరిపోవు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గించినా ఆవృత్తిని మార్చలేదు, అందువల్ల పంపు వేగం పడిపోతుంది. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ముద్రించి ఉన్న డీసీ పంపులు, ఎల్‌ఈడీలు మాత్రం ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి.

నిర్ధారణలు

ఈ అంశాలన్నిటినీ కలిపి చూస్తే, కొత్తవారికి అన్నిటికంటే అనుకూలమైనది పూర్తిగా ఎండిన మధ్యస్థ తొట్టె, దానితో పాటు పరీక్షించి చూసిన స్కిమ్మర్, పంపులు, దీపాలు అని తేలుతుంది. అలాంటి తొట్టె గతం చాలావరకు కడిగివేయదగినది, మిగిలిన లోపాలు కంటికి కనిపించేవి. పగడాలతో నడుస్తున్న తొట్టెను కొనడం తప్పు కాదు గాని, అది చట్టం అనుమతించే చోట, ఆ తొట్టెలో రాగి వాడలేదన్న నమ్మకం, గత ఏడాది రోగాల వివరం, తరలింపులో తోడుండే అనుభవజ్ఞుడు, ఈ మూడూ ఉన్నప్పుడే చేయదగిన పని. అమ్మేవారు తొట్టె వయసు, వాడిన మందులు, నీటి కొలతలు చెప్పలేకపోయినా, చెప్పడానికి ఇష్టపడకపోయినా, ధర ఎంత తక్కువైనా జీవులను, రాళ్లను వదిలి గాజును మాత్రమే విచారించాలి.

పాత తొట్టెను కొనడంలో పర్యావరణానికి మేలు కూడా ఉంది. ఒకరి తొట్టెలో పెరిగిన పగడపు ముక్క మరొకరి తొట్టెకు చేరిన ప్రతిసారీ సముద్రపు దిబ్బనుంచి తెంచవలసిన అవసరం ఒకటి తగ్గుతుంది. అయితే అదే తొట్టెను వదిలించుకునే దశలో జరిగే నిర్లక్ష్యం తీవ్రమైన హాని చేయగలదు. 1984లో మొనాకో తీరంలో మొదట గుర్తించిన కాలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు మధ్యధరా సముద్రంలో విస్తరించి స్థానిక జీవావరణాన్ని దెబ్బతీసింది. అదే జాతి 2000లో కాలిఫోర్నియాలోని ఒక లగూన్‌లో బయటపడినప్పుడు దానిని నిర్మూలించడానికి కొన్నేళ్లు శ్రమించవలసివచ్చింది. కనుక పాత తొట్టెతో వచ్చిన అక్కరలేని జీవిని, నాచును, నీటిని కాలువలోకో సముద్రంలోకో వదలకుండా ఉండటం కొనుగోలుదారు స్వీకరించే బాధ్యతలో భాగం. గాజును పరీక్షించడం, యంత్రాలకు వెల కట్టడం ఎవరైనా కొద్ది రోజుల్లో నేర్చుకోగలరు. ఆ నీటిలో ఏం జరిగిందో ఓపికగా అడిగి, దానికి తగినట్లు తీసుకోవలసినది తీసుకుని వదలవలసినది వదిలేవారికే వాడిన తొట్టె నిజమైన లాభం చేకూరుస్తుంది.